ఊఁ అన్న తాత

దగ్గరికి జరగండి. ఒరే ఈలై, ఆ దుప్పటంతా నువ్వే చుట్టుకుంటే చెల్లెలు రూతీకేం మిగుల్తుందిరా? బయట మంచు పడిందిగా, ఇక కథ చెప్పొచ్చు. ఎండాకాలంలో చెబితే పక్కలోకి పురుగులు పాకుతాయని మా అమ్మమ్మ అనేది. నేనొకసారి వినకుండా చెప్పాను. పాకాయి. అవి చీమలేననీ, నేను పక్కలో కూచుని బిస్కెట్లు తిన్నాననీ మీ అమ్మ అంటుంది. దాని మాట నమ్మకండి.

అనగనగా ఒక పెద్ద ఏటి ఒడ్డున ఒక ఊరు. ఇప్పుడు మనమున్న ఈ ఎర్రమట్టి ఊరు కాదు. పొద్దుపొడిచే వైపు, సముద్రం దగ్గర. తెల్లవాళ్ళ ఓడలు రాకముందు నుంచీ అక్కడుండేది మనమే, లెనాపెలం. లెనాపె అంటే అసలైన మనుషులు అని. పేరు పెట్టుకోవడంలో మాత్రం మనకి తక్కువ లేదు, మిగతావాళ్ళకి ఏమీ మిగల్చలేదు.

ఆ ఊళ్ళో తొలిమంచు అని ఒకావిడ, ఆవిడకో చేను. మనలో చేలన్నీ ఆడవాళ్ళవే, ఇళ్ళూ ఆడవాళ్ళవే. పెళ్ళయితే మగాడే మూట పట్టుకుని అత్తారింటికి రావాలి. ఆ చేను ఎలా ఉండేదంటే, మొక్కజొన్న మీద చిక్కుడు, చిక్కుడు కింద గుమ్మడి, గుమ్మడి కింద చల్లటి మట్టి, మట్టి కింద అమ్మమ్మల అమ్మమ్మలు.

ఊఁ కొడుతున్నారా? కొట్టండి, కొట్టండి. ఈ కథంతా దాని మీదే.

తొలిమంచుకి ఒక అల్లుడు. పేరు పెద్దదే, నిదానంగా నడిచే దుప్పి అని. మనం ఊఁరాయుడు అందాం. మహా మర్యాదస్థుడు. మనవాళ్ళలో ఎవరైనా మాట్లాడుతుంటే అడ్డుపడకూడదు. అలాగని బండరాయిలా కూచోనూ కూడదు. మధ్యమధ్య ఊఁ అనాలి. ఊఁ అంటే వింటున్నానని, అంతే. ఒప్పుకున్నానని కాదు. ఈ రెంటికీ మధ్య ఏడామడ దూరం ఉందని మనకి తెలుసు. ఎదుటివాడికి తెలుసో లేదో అడగాలని మాత్రం తోచలేదు.

ఒకనాడు ఓడ దిగిన టోపీ దొర ఒకడు దుబాసీని వెంటబెట్టుకుని ఊళ్ళోకొచ్చి, ఇక్కడ యజమాని ఎవరని అడిగాడట. తొలిమంచు ఎదురుగానే చేలో కలుపు తీస్తోంది. దొర కళ్ళకి ఆడది ఆనలేదు. నీడపట్టున కాళ్ళు చాపుకుని పడుకున్న మన ఊఁరాయుడు ఆనాడు. పని చెయ్యనివాడే యజమాని అనుకున్నాడు కాబోలు.

ఇక దొర మొదలుపెట్టాడు. మా రాజు చాలా గొప్పవాడు అన్నాడట. ఇతను ఊఁ అన్నాడు. మీ నేల బాగుంది అన్నాడట. ఊఁ. ఈ వాగు నుంచి ఆ కొండ దాకా, ఆ కొండ నుంచి ఏటి దాకా. ఊఁ. చెట్టూ, చేనూ, చేపా. ఊఁ. మాకూ, మా పిల్లలకూ, పిల్లల పిల్లలకూ. ఊఁ. మీరేమో మరో చోటికి. ఊఁ. పాపం, అంత దూరం నుంచి వచ్చి ఎంత ఆశపడుతున్నాడో అని జాలి కూడా పడ్డాడట! చివరికి కాగితం చాపి గుర్తు గియ్యమన్నారు. చేను తాబేలు వంశానిది, అంటే తొలిమంచు వాళ్ళది. ఇతనిది టర్కీకోడి వంశం. కోడి బొమ్మ గీశాడు. బాగా కుదిరిందని మురిసిపోయి తోక మళ్ళీ దిద్దాడు కూడా.

నవ్వకండి, నాకూ ఆ జబ్బే. మొన్న ఫోనులో ఎవడో ఏదో అమ్ముతుంటే, మధ్యలో పెట్టేస్తే నొచ్చుకుంటాడని అరగంట ఊఁ కొట్టాను. మనింట్లో తివాచీ లేదు, తివాచీ తుడిచే మిషను ఉంది.

సాయంత్రానికి తొలిమంచుకి సంగతి తెలిసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే అచ్చంగా ఇదే. ఊఁరాయుడి పెళ్ళాం తిన్నగా లోపలికెళ్ళింది. అతని విల్లూ, చెప్పులూ, తోలుదుప్పటీ మూటగట్టి గుమ్మం బయట పెట్టింది. మనలో విడాకులంటే అదే.

తొలిమంచు గడుసుది. మర్నాడు దొర బసకెళ్ళి ఎదురుగా కూచుని, దుబాసీ చేత చెప్పిస్తూ, తాబేలు వీపు మీద భూమి ఎలా మొలిచిందో కథ ఎత్తుకుంది. ఎంత పొడుగు కథంటే, నా కథల కంటే పొడుగు. దొర బాగా తిని ఉన్నాడేమో, తూగుతున్నాడు. అలా తూగుతుండగా, మా చేను మాదే కదా అంది. దొర ఊఁ అన్నాడు! ఆవిడ చటుక్కున లేచి, ఒప్పుకున్నావుగా, చేను వదులు అంది.

కథల్లో అయితే ఇక్కడ మనం గెలవాలి. దొర ఆవలించి, నేనేదో నిద్దట్లో మూలిగాను, అదీ ఒక మాటేనా అన్నాడట. మన ఊఁకి అర్థం ఒప్పుకోలు, వాళ్ళ ఊఁకి అర్థం నిద్ర. వాళ్ళ భాష మనకి రాదు సరే, మన భాష కూడా మనకి రాదని ఆ రోజే తెలిసింది.

ఆ ఏడు పంట మాత్రం కోసుకోమన్నాడు. మన చేలో మన పంట కోసుకోనిచ్చినందుకు మనవాళ్ళు కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నారట. నవ్వుతూ చెబుతున్నాను గానీ, కోతలయ్యాక ఖాళీ చేలో తొలిమంచు ఒక్కతే నిలబడిందట.

ఊఁరాయుడు మూడు రోజులు గుమ్మం బయట వానలో నిలబడ్డాడు. చివరికి తొలిమంచే, లోపలికి రమ్మనండి, గంపలు మొయ్యడానికి ఎవడో ఒకడు కావాలిగా అంది. అలా గంపల కోసం మిగిలినవాడే మన తాత. ఆవిడ తలుపు తియ్యకపోతే నేనూ లేను, మీరూ లేరు, తివాచీ మిషనూ లేదు.

అక్కణ్ణించి ఏరు దాటాం, కొండ దాటాం, కొండ దాటి ఏరు దాటాం, ఏరు దాటి ఎర్రమట్టిలో పడ్డాం. ప్రతిచోటా ఒక కాగితం. మనవాళ్ళకి బుద్ధొచ్చి ఊఁ అనడం మానేశారు. మౌనం అర్ధాంగీకారం అన్నారు అవతలివాళ్ళు. అర్ధం అన్నారు గానీ, మొత్తం రాసుకున్నారు.

ఏమే రూతీ, మళ్ళీ అక్కడికి ఎవరూ వెళ్ళలేదా అంటావా? నేనెళ్ళాను. బస్సులో, రెండు రోజులు, మోకాళ్ళని తిట్టుకుంటూ. ఆ ఏరు ఉంది. పక్కన ఒక చిన్న మ్యూజియం ఉంది. అందులో ఒక పిల్ల, ముచ్చటైన పిల్ల, నన్ను కుర్చీలో కూచోబెట్టి, ఇక్కడ లెనాపెలని ఉండేవారండీ, ఆ జాతి పూర్తిగా అంతరించిపోయింది అని చెప్పింది. ఎంత శ్రద్ధగా చెప్పిందో!

నేనేమన్నాను? ఊఁ అన్నాను. తాత రక్తం ఎక్కడికి పోతుంది! బస్సెక్కాక ఏడ్చాను. నా మీద నాకే కోపమొచ్చింది.

అందుకని పిల్లలూ, ఎవరేం చెప్పినా మర్యాదగా వినండి. విన్నాక మాత్రం నోరు విప్పండి. ఏదీ, ఇప్పుడు ఊఁ కొట్టకుండా చెప్పండి. మనం అంతరించిపోయామా?

లేదా? అదేమిటా పీల గొంతు, ఈలై! గట్టిగా చెప్పు, పక్కింటి కుక్క లేవాలి.

ఆఁ, లేచింది. కథ ఏటి ఒడ్డుకి, మనం నిద్దట్లోకి.