పొదకు పెళ్ళి సంబంధం

ఒక దీవిలో రెండే రెండు పొదలు మిగిలాయి.

తెల్లటి చామంతుల్లాంటి పూలు పూసే పొదలవి. మరో నేల మీద పుట్టవు, ఆ దీవికి సొంత బిడ్డలు. ఒకప్పుడు కొండ నిండా ఉండేవి. సముద్రం మీంచి వచ్చే పొగమంచు వాటి నూగు ఆకులకు పట్టి, బొట్టుబొట్టుగా కారి, ఊటలై కిందికి దిగేది. జనం వంటచెరకుకని నరికారు. మిగిలింది మేకలు మేశాయి. తూర్పు రేవులో ఒకటి, పడమటి రేవులో ఒకటి మిగిలాక గుర్తొచ్చింది మహానుభావులకు, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో!

ఇక చూడండి కాపలా! తూర్పువాళ్ళు మేకలు రాకుండా తమ పొద చుట్టూ రాతిగోడ కట్టారు. మంచిదే. అంతటితో ఆగారా? పడమటివాళ్ళ పేరెత్తితేనే వాళ్ళకు ఒళ్ళుమంట. "అటువైపు ఈగ కూడా మన పూల మీద వాలకూడదు" అని తూర్పు రేవు ఊరిపెద్ద తమ పొద మీద సన్నకన్నుల వల కప్పించాడు. వల ఎత్తినవాళ్ళను పడవెక్కించి దీవి దాటిస్తానన్నాడు. పడమటివాళ్ళేం తక్కువ తిన్నారా? వాళ్ళూ గోడ కట్టి వల కప్పారు.

తూర్పు పొద ఏటా విరగబూసింది. గింజలు మాత్రం అన్నీ తాలే. "పడమటోళ్ళ దిష్టి!" అని ఊరిపెద్ద తమ గోడకు గుమ్మడికాయ కట్టించాడు.

తూర్పు పొదను కాపలా కాసే ముసలమ్మకు గుండెల్లో రాయి పడింది. పొద ముసలిదైపోయింది, సగం కొమ్మలు ఎండాయి. కడవ నిండడానికి పూటంతా పడుతోంది. పొద పోతే ఊట పోతుంది, ఊట పోతే దీవి ఖాళీ. పుట్టిన మట్టిలోనే కలవాలని ఆమె ఆశ. ఒకనాడు తాలు గింజలు అరచేతిలో పోసి ఊదుతూ ఊదుతూ, ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

"ఓసి నా పిచ్చితల్లీ! నీకు దిష్టి తగల్లేదే. పెళ్ళి కాలేదు!"

మర్నాడు పొద్దున్నే అందరూ చూస్తుండగా వల ఎత్తింది. పూలకొమ్మ ఒకటి తుంచి, పసుపు కుంకుమలతో పళ్ళెంలో పెట్టుకుని కొండదారి పట్టింది.

ఊరిపెద్ద పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్ ముసలీ, ఎక్కడికి?"

"పిల్లకి సంబంధం చూడ్డానికి."

"వల ఎత్తావు. పడవెక్కిస్తా!"

"ఎక్కించు నాయనా. నీళ్ళు లేక రేపో మాపో నువ్వూ ఆ పడవే ఎక్కాలి. ముందెళ్ళి నీకు చోటు పట్టి ఉంచుతాలే."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఊరిపెద్ద మొహం మాడ్చుకున్నాడు. కానీ ఆ దీవిలో ఒక ఆచారముంది. పసుపు కుంకుమలతో బయల్దేరినవాళ్ళకు అడ్డు పడకూడదు, గడపకు వచ్చినవాళ్ళను పొమ్మనకూడదు. పళ్లు నూరుతూనే దారి వదిలాడు.

పడమటి పొదకు ఒక తాత కాపలా. తూర్పు మనిషిని చూడగానే కర్ర ఎత్తాడు. పళ్ళెం చూసి దించాడు.

"ఏంటక్కా ఇది?"

"పిల్లనిస్తాం, పిల్లాణ్ణిస్తారా తమ్ముడూ? మీకూ తాలేగా?"

తాతకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తాలే అక్కా. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు."

అతను తన వల ఎత్తాడు. ఆమె పువ్వుకు పువ్వు తాకించింది. పసుప్పచ్చని పుప్పొడి ఇద్దరి చేతులకూ అంటింది. ఉత్త పళ్ళెం వెనక్కి పంపకూడదుగా, తాత కూడా ఒక పూలకొమ్మ పెట్టి పంపాడు. తిరిగొచ్చి ఆమె ఆ కొమ్మతో తన పొదకూ అలాగే చేసింది.

ఆ ఏడు గింజ బరువెక్కింది! గోటితో నొక్కితే టప్పుమంది. ముసలమ్మ గింజల్ని కొంగున కట్టుకుని రేవంతా తిరిగి చూపించింది. ఇక ఆమెను పడవెక్కించే దమ్ము ఎవరికుంది? రెండు రేవులవాళ్ళూ కొండమీదికెక్కి, మేకలు రాకుండా గోడలు కట్టి, గింజలు చల్లారు. వలల్ని సముద్రంలో వేస్తే నిండా చేపలతో లేచాయి.

కొన్నేళ్ళకు కొండంతా తెల్లగా పూసింది. దాటిపోయే మంచు ఆగింది. రెండు వైపులా ఊటలు గలగలమన్నాయి.

ఒక పొద్దున తూర్పు ఊరిపెద్ద పూల మధ్య నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ ఈ పొదలు మనవా, పడమటోళ్ళవా?"

ముసలమ్మ ఆకుల కింద దోసిలి పట్టింది. నిండాక అతని ముందుకు చాచింది.

"ముందు తాగు. తర్వాత అడుగు."

ఊరిపెద్ద వంగి తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఇంకో దోసిలి పట్టమ్మా" అన్నాడు.