ఖాళీ పలక మీద గిట్ట

వైశాఖ బహుళ అష్టమి నాడు అన్యాయమైపోయింది కుందేలు ముత్యాలు. రెండు రోజుల పిల్లల్ని తీసుకుని, వాగొడ్డు పొద ఖాళీ చేసి, అడవి దాటిపొమ్మని ఏలికల ఆజ్ఞ వచ్చింది.

ఆ అడవికి రాజు లేడు. ముగ్గురు ఏలికలు: అడవిగేదె నల్లమ్మ, ఎలుగుబంటి బొంతయ్య, నక్క కనకయ్య. ఎవరిని వెళ్ళగొట్టాలన్నా, క్షమించాలన్నా ముగ్గురూ కూర్చుని ఇరువైపులా వినాలి. తడి మట్టిపలక మీద రాయించి, చదివించుకుని, ముగ్గురూ కాలిముద్ర వేయాలి. ఒక్క ముద్ర తగ్గినా అది ఉత్త మట్టిబెడ్డే.

ముత్యాలు ఆ పలక తెచ్చి, బురదగుంటలో పడుకున్న నల్లమ్మ ముందు పడేసింది.

"బురద చల్లగా ఉందా పెద్దమ్మా? నా గోడు వినకుండానే వెళ్ళగొట్టావే!"

"నేనా! నిన్నా!" నల్లమ్మ నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. పలక మీద ఎడమ అంచు విరిగిన గిట్ట ముద్ర. అలాంటిది అడవిలో ఇంకెవరికీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎండలు ముదిరినప్పుడు కనకయ్య వచ్చి, "ప్రతిదానికీ నువ్వు రావాలా అక్కా? ఖాళీ పలకల మీద ముద్ర వేసివ్వు, రాసేది నేను చూసుకుంటా" అన్నాడు. హాయిగా వేసిచ్చింది. బొంతయ్యా అంతే. ఎన్ని వేసిందో కూడా తెలియదు. ఆ బురదలోనే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు సభలో కనకయ్య తోకైనా కదపలేదు.

"గిట్ట నీదా, కాదా అక్కా?"

"నాదే. మరి రాసిందెప్పుడు?" అంది నల్లమ్మ.

"నీ కళ్ళముందేగా! తడి మట్టి మీదే!"

"బొంతయ్యా, దాని మీద ఊదు."

బొంతయ్య ఊదాడు. అక్షరాల గాడుల్లోంచి మట్టిపొడి లేచి కనకయ్య ముక్కులోకే పోయింది.

"తడిమట్టికి పొడెక్కడిదిరా? ఎండినాక గోటితో గీకావు, చల్లటి పొద కోసం!"

కనకయ్య తుమ్ముతూనే ఉన్నాడు. అతని గుహలో వెతికితే ముద్రలు పడ్డ ఖాళీ పలకలు ఇంకా పదకొండు దొరికాయి. అంటే ఇంకా పదకొండు గూళ్ళు ఖాళీ అయ్యేవే!

"నన్ను దించెయ్యండి, పోతాను" అన్నాడు కనకయ్య.

"దించుతాం. ముత్యాలు మీద ఆజ్ఞ రద్దుకి మూడో ముద్ర కావాలి. ముందు అది వేసి దిగు!"

కొత్త పలక మీద ముద్ర వేసి, తన మోసాన్ని తన కాలితోనే కొట్టేసి దిగాడు నక్క. నల్లమ్మ ఆ పదకొండింటినీ అందరి ముందూ తొక్కి పిండి చేసింది.

చదవకుండా ముద్ర వేసిన ఏలిక, దొంగకి తలుపు తీసిన కాపలాదారే.

ముత్యాలుకి పొద తిరిగిచ్చిన ఆ కొత్త పలక మీద తడి ఆరకముందే రాసిన తేదీ: వైశాఖ బహుళ నవమి, మిట్టమధ్యాహ్నం.