ప్రతి మాటకీ ఒక బొమ్మ

ముత్యాలయ్యగారి బొమ్మల షెడ్డుకి వచ్చినవాళ్ళు మొట్టమొదట చూసేది మంచి బొమ్మని కాదు. గుమ్మం పక్కనే నడుమెత్తు వెదురు బుట్ట ఒకటి ఉంటుంది. మెడ విరిగిన రాజులు, తిరగని బొంగరాలు, లక్క సరిగ్గా పట్టక మచ్చలు తేలిన కుంకుమ భరిణెలు, ఆ షెడ్డులో చెడిపోయినవన్నీ అందులోనే ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వ్యాపారం తెలిసినవాళ్ళు "దాన్ని లోపల పెట్టించండి గురూగారూ, పరువు పోతుంది" అని చెవిలో చెబుతారు. ఆయన శ్రద్ధగా విని తల ఊపుతారు. బుట్ట మాత్రం అంగుళం జరగదు. వచ్చినవాళ్ళు అందులో చెయ్యిపెట్టి కెలికి చూశాకే ఆయన మంచి బొమ్మలున్న అలమర తలుపు తీస్తారు.

పద్నాలుగేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న వరహాలుకి ఆ బుట్టంటే మహా సిగ్గు. గురువుకన్నా సన్నగా ఉలి ఆడిస్తుందని ఊరంతా ఒప్పుకున్న మనిషి ఆమె. అయినా ఆ బుట్ట అడుగున, ఆమె తొలి ఏడాది చేసిన మూడు కాళ్ళ ఏనుగు ఇంకా నిక్షేపంగా ఉంది. దాన్ని ఎవరో ఒకరు పైకి తీసి "ఇదెవరిదండీ?" అని అడగడం, ఆమె కర్రని తిప్పే లేతు మిషను మోతలో వినపడనట్టు తల దించుకోవడం ప్రతి వారం ఉన్నదే.

అటువంటి వరహాలు ఒక నెల మొదట్లో, తెల్లవారి పనిలోకి వస్తూనే, తన ఉలిని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి గురువుగారి ముందు పెట్టింది. మొదటిసారి వంక పెట్టలేని బొంగరం చేసిన రోజున ఆయన తన చేతిలోంచి తీసి ఇచ్చిన ఉలి అది.

"వచ్చే ఒకటో తారీకు నుంచి నేనింక రాను గురూగారూ. రొయ్యల షెడ్డులో చేరిపోతాను. మా ఆడపడుచు మాటాడీసింది," అంది.

ఇంత కథకీ కారణం త్రికాలానంద స్వామి. హైస్కూలు మైదానంలో మూడు రోజులు ప్రవచనం చెప్పి, ముప్పై ఏళ్ళ కిందటే తాను పలికిన భవిష్యత్తు ఎలా అక్షరాలా జరిగిందో వివరించి వెళ్ళారు. చేతిలో ఫోను, మంట లేని పొయ్యి, దారి చెప్పే పెట్టె, ఇలా పన్నెండు. పన్నెండూ అచ్చువేసిన పచ్చ అట్ట పుస్తకం ఇంటింటికీ పంచారు. మూడోరోజు చివర్లో కళ్ళు మూసుకుని పదమూడోది కూడా పలికారు. మనసులో అనుకుంటే చాలు, బొమ్మ తయారై ఒళ్ళో పడే యంత్రం రెండేళ్ళలో వస్తుందట. లేతు ముందు కూర్చునే చెయ్యి ఒక్కటీ మిగలదట. ముందు వరసలో కూర్చున్న వరహాలు తన చేతులకేసి చూసుకుంది. ఆ రాత్రి నుంచీ ఆమెకి అన్నం సయించలేదు. ఆమెకి తెలిసిన సుఖం లోకంలో ఒక్కటే, తిరిగే కర్ర మీద రంగు లక్క కరిగి పరుచుకోవడం. దాన్ని ఎవరో తీసుకుపోతారంటే, తీసుకుపోయేలోగా తానే వదిలేద్దామనుకుంది.

"పన్నెండు చెప్పినాయన. పన్నెండూ అయిపోనాయి. మరి పదమూడోది కాకుండా పోద్దా? మీరే చెప్పండి," అంది.

ముత్యాలయ్యగారు మొగలాకుతో భరిణె మూతని మెరుగుపెడుతూ, "స్వామివారి మేనేజరు కామేశంగారు నిన్న వచ్చి వెళ్ళారమ్మా. నెలాఖరుకి వారి అరవయ్యో పుట్టినరోజట. బొమ్మల కొలువు పెడతారట. నీ చేత్తో ఆ ఒక్క పనీ చేసి వెళ్ళు," అని ఉలిని ఆమె వైపే జరిపారు.

మేనేజరు రాసి ఇచ్చిన కాగితం తీసి ఆమెకిచ్చారు. 'స్వామివారు చెప్పిన ప్రతి మాటకీ ఒక బొమ్మ' అని ఉంది అందులో.

వరహాలుకి ప్రాణం లేచివచ్చింది. ఆఖరి పనే అయినా స్వామి పనే కదా. "పన్నెండేగా, పది రోజుల్లో చేసీస్తాను," అంది.

"పన్నెండని రాయలేదే. ప్రతి మాటకీ అన్నారు. ముప్పై ఏళ్ళ కిందట చెప్పినవి కదా, అప్పటి పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటుందా?"

ఉంటుందా అంటే! వరహాలు తల్లి స్వామికి తొలినాటి భక్తురాలు. పోయేదాకా ఆవిడ దిండు కింద పెట్టుకున్న మొదటి అచ్చు పుస్తకం రేకుపెట్టెలో పదిలంగా ఉంది. గురువుగారికి ఇప్పటికైనా నమ్మకం కుదురుతుందన్న ఉత్సాహంతో వరహాలు ఒక్క పరుగున ఇంటికి పోయి, పసుపు మరకలతో సహా దాన్ని తెచ్చి, తీస్తూనే దొరికిన మాట పైకి చదివింది.

"'అరచేతిలోని అద్దము మాటలాడును.' చూసారా! ఫోను! అప్పుడే చెప్పీసేరు!"

"బాగుంది. తరవాత?"

"'దానికి ఆకలి వేసినప్పుడు అరటిపండు పెట్టవలెను.'" వరహాలు ఆగింది. పచ్చ అట్ట పుస్తకంలో ఈ వాక్యం లేదు. క్షణం ఆలోచించి, "అదీ... చార్జింగు గురూగారూ," అంది.

"అరటిపండా?"

"గూఢార్థం అయ్యుంటాది."

"సరే. అరటిపండు కూడా చెయ్యి. పసుపు రంగు లక్క చాలా ఉంది," అన్నారాయన.

ఆమె పేజీలు తిప్పింది. పొయ్యి ఉంది, దారి చెప్పే పెట్టె ఉంది. ఆ పన్నెండూ ఉన్న మాట నిజమే. వాటి ముందూ వెనకా మధ్యలో ఇంకా యాభై రెండున్నాయి. అన్నీ కలిపి అరవై నాలుగు. "మిగతావి ఎందుకు తీసీసేరో," అని ఆమె తనలో తాను అనుకున్నది పైకే వినపడింది. ముత్యాలయ్యగారు భరిణె మూత వెలుతురుకి ఎత్తి చూసుకుంటున్నారు.

ఆ తరవాత మూడు వారాలూ ఆ షెడ్డులో నవ్విన నవ్వు అంతకుముందు మూడేళ్ళలో నవ్వలేదంటే అబద్ధం కాదు. పుస్తకం ప్రకారం ఈపాటికి ఎద్దులు కళ్ళజోళ్ళు పెట్టుకుని తమంతట తామే దున్నుకుంటూ ఉండాలి. వరహాలు ఒక ఎద్దుని చేసి, దాని ముక్కు మీద నిలబడేలా కళ్ళజోడు చెక్కడానికి రెండు రోజులు తంటాలు పడింది. మబ్బుకి తాడు కట్టి తన పొలం మీదికి లాక్కుపోయే రైతుని చేసింది. మీట నొక్కితే గుడ్డు పెట్టే ఇత్తడి కోడికి నిజంగానే మీట పెట్టింది, నొక్కితే నిజంగానే గుడ్డు రాలింది. సముద్రం అడుగునుంచి కాశీకి పోయే రైలు దగ్గర పనంతా ఆగిపోయింది. "కాశీకి సముద్రం ఎటునుంచి వస్తాదమ్మా?" అని పక్క లేతు మీద పనిచేసే ముసలి సన్యాసి అడిగితే, వరహాలు పొట్ట పట్టుకుని రంపపు పొట్టు మీదే చతికిలబడింది. మొదటి రోజుల్లో భక్తిగా చెంపలు వేసుకుని నవ్వేది. రెండో వారానికి చెంపలు వేసుకోవడం మరిచిపోయింది. ఆ నవ్వులో ఆమె ఉలి ఎన్నడూ లేనంత తేలిగ్గా నడిచింది. ఒకటో తారీకు తలపుకి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి బరువెక్కేది.

అరవై ఒకటో మాట దగ్గర ఆమె నవ్వలేదు. అక్కడ ఇలా ఉంది. 'నేటికి పదేండ్లలో బొమ్మలు చేయువారి చేతులకు పని తప్పును. చేతి బొమ్మ చూతమన్నను కానరాదు.'

వరహాలు అట్ట వెనక్కి తిప్పి అచ్చయిన సంవత్సరం చూసింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. సందేహం వచ్చి మళ్ళీ లెక్కపెట్టింది. ఆ మాట ప్రకారం, ఆమె మొట్టమొదటిసారి ఈ గుమ్మం తొక్కడానికి ఆరేళ్ళ ముందే ఈ షెడ్డు మూతపడి ఉండాలి. మూడు కాళ్ళ ఏనుగు కూడా పుట్టి ఉండకూడదు. ఆమె తల ఎత్తి గురువుగారి వైపు చూసింది. ఆయన లక్క కడ్డీలు రంగుల వారీగా సర్దుకుంటున్నారు. వరహాలు మంచి అంకుడు కర్ర ఏరి తెచ్చుకుని, వేలెడంత లేతు మిషను, దాని ముందు ఖాళీ పీట చేసింది. అరవై నాలుగింటిలోనూ అంత నాజూకైన పని ఇంకోటి లేదు.

నెలాఖరున, కొలువుకి ముందు బొమ్మలు చూసుకుందామని స్వామివారే స్వయంగా షెడ్డుకి వచ్చారు. నిండైన మనిషి, వెండి గడ్డం, గంట మోగినట్టుండే గొంతు. ఆయన వెంట సగం ఊరు వచ్చింది. బల్లల మీద అరవై నాలుగు బొమ్మలూ పుస్తకంలోని వరసలో, మాటా పేజీ నంబరూ రాసిన కాగితాలతో సహా నిలబడి ఉన్నాయి. మేనేజరు కామేశం మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పన్నెండు కదండీ మాకు కావలసింది!" అన్నాడు.

ముత్యాలయ్యగారు వినయంగా అతని కాగితం అతనికే చూపించారు.

ఈలోగా జనం బల్లల మీద పడ్డారు. ఫోను, పొయ్యి జోలికి ఎవరూ పోలేదు. అవి అందరి ఇళ్ళలోనూ ఉన్నవే. కోడి గుడ్డు పెట్టిన ప్రతిసారీ కేరింతలు. స్వామి వంగి కళ్ళజోడు ఎద్దుని చేతిలోకి తీసుకున్నారు.

"ఇది నేనన్నానా?"

"అన్నారు స్వామీ. ఇరవై ఏడో పేజీ. మా అమ్మ పుస్తకం," అంది వరహాలు చేతులు జోడించి. ఆమెలో వెటకారం ఇసుమంతైనా లేదు. అందువల్లనే జనం ఇంకా నవ్వారు.

స్వామి మొహం ఒక్క క్షణం ముడుచుకుంది. అంతలో ఆయన గడ్డం కదిలింది, పొట్ట కదిలింది, ఆ గంట గొంతుతో షెడ్డు రేకులు అదిరేలా నవ్వేశారు. "గుర్తొచ్చిందమ్మా! ఒక మెట్ట ఊళ్ళో ఒక ముసలాయన ఎద్దుకి చూపు పోయిందని కుళ్ళికుళ్ళి ఏడుస్తున్నాడు. ఆయన్ని నవ్విద్దామని అన్నాను. నవ్వాడు కూడాను. పక్కనున్నవాళ్ళు రాసేసుకున్నారు," అన్నారు.

వరహాలు ధైర్యం చేసి, అరవై ఒకటో బొమ్మని రెండు చేతులతో ఆయనకి అందించింది. ఆయన దాని కిందున్న కాగితం చదువుకున్నారు. బుల్లి లేతుని ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఎవరు చేశారు తల్లీ?"

"నేనే స్వామీ."

"చేత్తోనా?"

"చేత్తోనే."

స్వామి బొమ్మ ఎక్కడిదక్కడ పదిలంగా పెట్టేశారు. కామేశం పన్నెండూ ఏరి పెట్టెలో సర్దుతుంటే ఆయన ఎద్దుని భుజం సంచీలో వేసుకుని, "ఇది నాకు," అన్నారు. ఆ సాయంత్రం పుట్టినరోజు సభలో ఆయన రెండు గంటలు మాట్లాడారనీ, రేపటి సంగతి మాత్రం ఒక్కటీ ఎత్తలేదనీ వెళ్ళినవాళ్ళు చెప్పారు.

మిగిలిన బొమ్మల్ని ఊరి పిల్లలు పొద్దుగూకేలోగా పట్టుకుపోయారు. ఖాళీ పీట లేతు ఒక్కటే బల్ల మీద ఉండిపోయింది. మర్నాడే ఒకటో తారీకు. పొద్దున్నే వరహాలు రొయ్యల షెడ్డు దారి పట్టలేదు. ఇక్కడికే వచ్చింది. ముందురోజు మళ్ళీ చీర ముక్కలో చుట్టి ఇంటికి పట్టుకుపోయిన ఉలి ఆమె చేతిలోనే ఉంది. గుమ్మం దగ్గర ఆగి, వెదురు బుట్టలో మోచేతి దాకా చెయ్యిపెట్టి వెతికి, మూడు కాళ్ళ ఏనుగుని పైకి తీసి, అందరికంటే ముందు కనపడేలా పైన కూర్చోబెట్టింది. ఆమె మొహాన సిగ్గు లేదు, నవ్వు ఉంది. అది చూసిన ముత్యాలయ్యగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. దాచుకోవడానికి ఆయనేమీ ప్రయత్నించలేదు.

వరహాలు తన పీట మీద కూర్చుని ఉలి మీది గుడ్డ విప్పుతూ ఆగింది. మనిషి కదా, మనసులో ఇంకా ఒక మూల పీకుతూనే ఉంది.

"మరి ఆ పదమూడో మాట గురూగారూ? రెండేళ్ళన్నారు. ఒకవేళ అదే నిజమైపోతే?"

"అవ్వొచ్చమ్మా. నాకేం తెలుసు?" అన్నారు ముత్యాలయ్యగారు. లోపల అలమర వైపు ఒకసారి, గుమ్మం దగ్గర బుట్ట వైపు ఒకసారి చూశారు. "దానికీ ఒక బొమ్మ చేసి ఉంచు. ఎక్కడ పెట్టాలో రెండేళ్ళయ్యాక చూద్దాం."