బహ్రాం పండితుడు దిద్దిన అంకె

ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట ఒకటి రాస్తున్నాను. మా ఊరి బడి పిల్లలకోసం, నక్షత్రాల ఎత్తు కొలిచే ఇత్తడి యంత్రానికి కొలతలు కట్టి ఇత్తడి పని చేసే పెంబర్తి సోమాచారి గారికి ఇచ్చింది నేనే. అందులో ఒక కొలత తప్పు. ఒక పారశీక పండితుడు పాత గ్రంథంలో తన ఊరికని రాసుకున్న అంకెను మా ఊరికి మార్చకుండా ఎత్తి రాసేశాను. కాలేజీ గడప తొక్కని పిల్ల పారశీకం నేర్చుకుందని అందరూ మెచ్చుకుంటుంటే ఆ తప్పు బయటపెట్టలేదు. రేపు పొద్దున్నే ఆయన రేకు మీద గీతలు చెక్కుతారు.

ఇవాళ అమ్మమ్మ, నేను చదివి వినిపించిన ఆ గ్రంథాన్నే కథ చేసి పిన్ని కూతురు వైశూకి చెప్పింది.

"అనగా అనగా పారశీక దేశం. అక్కడొక ఊళ్ళో బహ్రాం అని ఒక పండితుడు. ఆకాశాన్ని కొలిచే యంత్రాల మీద పుస్తకం రాశాడు. మూడు ప్రతులు చేయించి ఒంటెల వర్తకుడికొకటి, ఇత్తడి పనివాడికొకటి, సుల్తానుకొకటి ఇచ్చాడు.

అప్పుడేమైంది? ఒకసారి సముద్రపు ఊరికి వెళ్ళాడు. యంత్రం పట్టి చూస్తే, ధ్రువ నక్షత్రం పుస్తకంలో రాసినదానికంటే కిందికుంది! ఆ ఊరి అంకె తను చూసి రాయలేదు మరి. ఎవరో చెబితే రాశాడు."

"దొంగ!" అంది వైశూ.

"దొంగ కాదే, తొందర మనిషి. మీ అక్కలాగా.

అప్పుడు వర్తకుడి దగ్గరికి వెళ్ళి అంకె దిద్దాడు. వర్తకుడు నవ్వాడు. ఆ తర్వాత పనివాడి దగ్గరికి వెళ్ళాడు. 'ఆర్నెల్లు చెక్కానయ్యా మహానుభావా, ఇప్పుడా చెప్పేది?' అని వాడు తిట్టాడు. తిట్లు తిని దిద్దాడు. ఆ తర్వాత కోటకి వెళ్ళాడు.

'నా కొలువులో పండితుడు తప్పు రాశాడంటే నాకే తలవంపు. దిద్దితే నీ కొలువు పోతుంది' అన్నాడు సుల్తాను.

'పోతే పోనివ్వండి ప్రభూ, ఓడవాళ్ళు దారి తప్పకూడదు' అని కలం తీసి దిద్దేశాడు."

"కొలువు పోయిందా అమ్మమ్మా?"

"పోయింది. ఇంకో పుస్తకం మొదలుపెట్టాడు. ఇవి నేను కొలిచినవి, ఇవి విన్నవి అని విడివిడిగా రాశాడు. కథ కంచి దారి పట్టె, కంటికేమో కునుకు పట్టె. ఇంక పడుకో."

వైశూ పడుకుంది. నావల్ల కాలేదు. సోమాచారి గారు తిడతారు. "ముందే చెప్పలేవా అమ్మాయ్?" అంటారు. ఊళ్ళోనూ తెలుస్తుంది. తెలియనీ. ఇత్తడి మీద గీత పడ్డాక చెరిగేది కాదు. ఇంకా తొమ్మిదే అయింది, మేలుకునే ఉంటారు.

ఫోన్ చేస్తాను. ఇప్పుడే.