కొండవార చేను

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్ళో అన్నదమ్ములిద్దరు. ఒరే బుడ్డోడా, పడుకుని వింటే విను గానీ కాళ్ళు ముడుచుకో, నా మీద పడేస్తున్నావు. తండ్రి పోయాక భూమి పంచుకున్నారు. వాళ్ళలో పద్ధతేంటంటే, పెద్దాడు గట్టు వేసి రెండు వాటాలు చెయ్యాలి, చిన్నాడు ముందు కోరుకోవాలి. చిన్నాడి పెళ్ళాం పైడమ్మ మహా తెలివైంది. కొండవార చేను కోరుకోమని మొగుడి చెవిలో చెప్పింది. కొండ ఊట దిగుతుంది, నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుందని దాని ఆలోచన. ఊరంతా మెచ్చుకుంది. పెద్దాడు గౌరినాయుడు మొహం ముడుచుకుని, దాని పక్కనే ఊరివైపు చేను తీసుకున్నాడు.

అప్పట్లో కోతులు కొండ దిగేవి కావమ్మా. పైన నేరేళ్ళూ, మేడిపళ్ళూ, సీతాఫలాలూ బోలెడు. తర్వాత రాయి కొట్టేవాళ్ళొచ్చి కొండని బోడి చేసేశారు. మిగిలింది కొండ మీంచి దిగే వాగు పక్కన చెట్ల వరస ఒక్కటే. ఆ వరస సరిగ్గా పైడమ్మ చేలోకొచ్చి ఆగింది. ఇంకేముంది, కోతులు కొండ మీంచి చెట్టుకి, చెట్టు మీంచి చెట్టుకి, ఆ చెట్టు మీంచి పైడమ్మ మొక్కజొన్నకి. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే నేను పడుకుంటా.

కంకి పాలుపోసుకున్నది మొదలు పైడమ్మకి చేలో కాపలా మంచే ఇల్లయింది. డబ్బా కొట్టింది, వడిసెల తిప్పి రాళ్ళు రువ్వింది, గొంతు పోయేలా అరిచింది. అటు తోలితే ఇటు దిగేవి. ముదనష్టపువి, తినేది కొంచెం, విరిచి పారేసేది బోలెడు. చెట్లకి దూరంగా బయలు నేల మీదకి మాత్రం వచ్చేవి కావు, భయం వాటికి. అందుకే అవతల గౌరినాయుడి చేను నవనవలాడుతూ ఉండేది.

పైడమ్మ వెళ్ళి బావగారి గుమ్మంలో నిలబడింది. మేమిద్దరమే కాయలేకపోతున్నాం, మీరూ వంతుకి వస్తే ఈ పంట చేతికొస్తుంది, లేదంటే ఇంటికి తాళం పెట్టి ఇటుకబట్టీకి పోవాలి అంది. ఆయన చుట్ట నోట్లోంచి తియ్యకుండానే, కోరుకున్నది మీరే కదమ్మా, నా చేలోకి కోతి రాలేదే అన్నాడు. పాపం, అది వెనక్కెళ్ళి మళ్ళీ మంచెక్కింది.

ఆ ఏడు గింజ ఇంటికి రాలేదు. చంటిదాన్ని చంకనేసుకుని మొగుడూ పెళ్ళాం బట్టీకి పోయారు. చేను బీడుపడింది. బీట్లో గడ్డి లేచింది, గడ్డిలో తుప్పలు లేచాయి, తుప్పల్లో తుమ్మలు లేచాయి, తుమ్మల నీడ పాకుతూ పాకుతూ గౌరినాయుడి గట్టు దాకా వచ్చింది. నీడ వెనకే కోతులూ వచ్చాయి. ఇప్పుడు ఆయనా మంచె ఎక్కాడు, ఆయనా డబ్బా కొట్టాడు.

అలా నాలుగైదేళ్ళు గడిచాక ఒకనాడు పైడమ్మ బట్టీలో మట్టి తొక్కుతుంటే బావగారూ తోడికోడలూ వస్తూ కనబడ్డారు. ఇంటికి పిలవడానికే వచ్చారు, అందరం కలిసి కాపలా కాద్దామంటారు అనుకుని గబగబా కాళ్ళు కడుక్కుంది పిచ్చిది. ఆయన తలొంచుకుని, మేస్త్రీతో చెప్పి మాకూ పని ఇప్పించమ్మా అన్నాడు. అది అక్కడే కూలబడి ఏడ్చింది.

అందరూ సుఖంగా ఉన్నారా అంటే ఏం చెప్పను? బట్టీ దగ్గర తోడికోడళ్ళిద్దరూ మళ్ళీ ఒక్క పొయ్యి మీద వండుకున్నారు, అది మాత్రం నిజం. పక్కవాడి చేను పోతుంటే మనకెందుకులే అనుకోకండర్రా. కథేమో కంచికి నడిచింది, మీరు నిద్రకి నడవండి.