పైడమ్మ గోడ నీళ్ళు

అనగా అనగా, కొండకీ రైలుపట్టాలకీ నడుమ ఇరుక్కున్న ఒక చిన్న ఊళ్ళో, పైడమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. జనపనార మిల్లులో పని. పొద్దంతా నిలబడి నిలబడి కాళ్ళు కొయ్యబారిపోయేవి. ఇంటికొచ్చి గోడవారన ఇంత చాప పరుచుకుని నడుం వాల్చడం, అదొక్కటే ఆవిడ కోరిక.

ఒకనాడు అలా వాలిందో లేదో, వీపుకి తడి తగిలింది. చూస్తే గోడ నిండా పసుప్పచ్చటి నీళ్ళు, చెమట పట్టినట్టు. నడి వైశాఖం, ఎక్కడా వానచుక్క లేదు. పక్కింటావిడని పిలిచి చూపించింది. ఆవిడ చెంపలేసుకుని, అమ్మవారే వచ్చిందని వీధంతా చెప్పేసింది.

అప్పుడు ముందుగా ఒక ముసలాయన కుంటుకుంటూ వచ్చాడు. ఆ నీళ్ళు మోకాళ్ళకి రాసుకుని, నొప్పి తగ్గిందన్నాడు. ఆ తర్వాత ఇంకొకాయన చెంబుడు పట్టుకెళ్ళి, పాలివ్వని గేదెకి తాగించాడు. మర్నాడు గేదె చేపిందట. ఇక జనం ఆగుతారా? ఇంటినిండా కర్పూరం పొగ. కొళాయిల ఆయన వచ్చి తవ్వి చూసి, దగ్గర్లో గొట్టమే లేదని తేల్చాడు. బడిపంతులు మాత్రం ఇది కొండ ఊటేనన్నాడు. నమ్మినవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఆ వాకిట్లోనే తగువులాడుకునేవారు.

పైడమ్మకి ఇటూ తెలీదు, అటూ తెలీదు. పడుకోవడానికి చోటు లేదు, అదే తెలుసు. అరుగు మీద కూర్చునే కునికిపాట్లు పడేది.

ఇక మూడో మనిషిగా, ఆ వీధిలోనే ఉండే బంగారమ్మ వచ్చింది. చంకలో నాలుగేళ్ళ కూతురు. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, కళ్ళు తేలేస్తోంది. గోడ దగ్గర పడుకోబెట్టి, ఆ నీళ్ళే తాగిస్తూ కూర్చుంది. ఆసుపత్రికి పొమ్మంటే కదలదు.

“పెద్దదాన్ని అక్కడే పోగొట్టుకున్నానత్తా,” అంది.

పైడమ్మకి కోప్పడే ఓపిక కూడా లేదు. పక్కనే చతికిలబడి పిల్ల నుదురు ముట్టుకుంది.

“ఈ నీళ్ళు ఎవరివో నాకు తెలీదే. అమ్మవారివే అయితే, ఆసుపత్రి దాకా రెండు మైళ్ళు ఆవిడ మనతో రాదా? చెంబులో పట్టు. నేనూ వస్తాను.”

ఇంటావిడే నమ్మకపోతే ఎలాగని జనం గొణిగారు. పైడమ్మ వినిపించుకోలేదు. పిల్లని భుజాన వేసుకుంది. బంగారమ్మ చెంబు పట్టుకుంది. మండుటెండలో ఆసుపత్రికి నడిచారు.

అక్కడ సూది వేశారు, సెలైన్ ఎక్కించారు. బంగారమ్మ మంచం పక్కన చెంబు పెట్టుకుని, తడివేలితో పిల్ల పెదవులు తుడుస్తూ కూర్చుంది. మూడోనాటికి పిల్ల కళ్ళు తెరిచి అన్నం అడిగింది.

ఊళ్ళో మళ్ళీ తగువే. నీళ్ళ మహిమని సగంమంది, సూది మహిమని సగంమంది. ఆఖరికి పైడమ్మనే అడిగారు.

ఆవిడ భుజం నొక్కుకుంది.

“వెళ్ళేటప్పుడు పిల్ల దూదిలా ఉంది. తిరిగొచ్చేటప్పుడు బరువుకి భుజం లాగేసింది. నాకు తెలిసిందంతే. ఇక కాస్త జరగండి నాయనా, పడుకుంటాను.”

గోడ ఇంకా చెమరుస్తూనే ఉంది. అయినా జనం ఒకరి వెనక ఒకరు, చప్పుడు కాకుండా బయటికి నడిచారు.

కథేమో కంచికి నడిచె,
కునుకేమో కంటికి నడిచె,
ఇంటికి చేరిన మనకిద్దరికీ
ఇంత పక్కే చాలునమ్మా.