కర్ర ఏనుగుకు బిరుదులు

ఏ రాజ్యమో చెబితే ఆ మంత్రిగారి మనవలు నొచ్చుకుంటారు. అక్కడ కొత్త మావటీలకు స్వారీ నేర్పడానికి ఒక కర్ర ఏనుగును చేయించారు. దాని కడుపులో కూర్చుని, తాళ్లు లాగి కదిపేవాడు పోలయ్య. పైన ఎక్కినవాడు ఏ ఆజ్ఞ ఇచ్చినా ముందు రాజుగారి బిరుదులన్నీ చదవాలని మంత్రిగారి నియమం. అవి పూర్తయ్యేలోపే మావటీలు జారి బురదలో పడుతున్నారు.

"ఆలస్యమంతా తాళ్లు లాగేవాడిదే ప్రభూ, కొలువులోంచి తీసేద్దాం," అన్నాడు మంత్రి.

"చిత్తం. పోయేముందు మంత్రిగారు ఒక్కసారి ఎక్కి చూపిస్తే కళ్లారా చూసి పోతాను," అన్నాడు పోలయ్య.

రాజు తలూపాడు. మంత్రి ఎక్కాడు. ఏనుగు ఒరిగింది.

"ఆపరా," అని అరిచాడు మంత్రి.

"బిరుదులు కాలేదండీ," అంది ఏనుగు కడుపు.

మూడో బిరుదుకల్లా మంత్రి బురదలో ఉన్నాడు. "ఇకమీదట ఆపమంటే చాలు, ఆపెయ్," అన్నాడు లేస్తూ.

పోలయ్య తల బయటపెట్టాడు. "ఈ ఆజ్ఞకీ బిరుదులు చదవలేదండీ. పాటించమంటారా?"